పేదరాశి పెద్దమ్మ గడప దగ్గర ఆగండి: బాలల కథల సంపాదకులకు, రచయితలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బాలల కథా సంకలనాల సంపాదకులకు, కథల పోటీల న్యాయనిర్ణేతలకు, రాజకుమారులూ మాంత్రికులూ రాక్షసులూ తిరిగే కథలను ఈనాటి పిల్లల కోసం కొత్తగా రాస్తున్న రచయితలకు,

నమస్కారం.

నేను హనుమకొండ వాసిని. పరకాల, నర్సంపేట ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పటికీ వారానికి రెండు రోజులు మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక బడికి వెళ్లి పిల్లలచేత కథలు చదివిస్తాను, రాయిస్తాను. ఈ లేఖ రాయవలసి రావడానికి కారణం ఆ బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసిన పదకొండు పేజీల కథ. పిల్లలు రాసిన ఫాంటసీ కథలతో ఒక సంకలనం వేస్తున్నామని ప్రకటన వచ్చినప్పుడు మా బడి నుంచి నాలుగు కథలు పంపాము. మూడింటిని తీసుకున్నారు. నాలుగోది తిరిగి వచ్చింది. దాని మొదటి పేజీ అంచున ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: "కథకు నాయకుడు లేడు. పెద్దమ్మ పాత్ర అనవసరంగా పెరిగింది. దానిని ఒక పేరాకు కుదించి, రాజకుమారుడి సాహసాన్ని విస్తరించి పంపితే పరిశీలిస్తాము."

ఆ మాట రాసినవారెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అదే ఎర్ర సిరాతో అలాంటి మాటే నేనూ ఎన్నో ఏళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో రాశాను. పేదరాశి పెద్దమ్మ అన్న పేరు కనబడగానే "ఇక్కడ ఆగకు, ముందుకు పో" అని పిల్లలను తొందరపెట్టాను. అందువల్ల ఈ లేఖను ఫిర్యాదుగా కాక, చాలా కాలం తప్పుగా చదివిన ఒక పాత్రను ఇప్పుడు సరిగా చదవడానికి ప్రయత్నిస్తున్న మనిషి చేస్తున్న విన్నపంగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.

మన జానపద కథల్లో ఆమె ఉండే చోటు మీకందరికీ తెలిసిందే. రాజకుమారుడు రాత్రింబగళ్లు ప్రయాణం చేసి, ముందెన్నడూ ఎరుగని పట్టణానికి చేరేసరికి పొద్దుగూకుతుంది. ఊరి చివర ఒక పూరి గుడిసె, అందులో దీపం. తలుపు తడితే ఒక ముసలమ్మ తీస్తుంది. "పెద్దమ్మా, ఈ రాత్రికి చోటిస్తావా?" అని అడిగితే ఇస్తుంది, అన్నం వండి పెడుతుంది, ఆ ఊరి సంగతి చెబుతుంది. రాజుగారి కూతురు నోరు విప్పి మాట్లాడదనో, కోట వెనుక మర్రిచెట్టు మీద బ్రహ్మరాక్షసుడు కాపురమున్నాడనో, చెరువుకు నీళ్లకు పోయినవారు తిరిగి రావడం లేదనో ఆమె నోటి నుంచే మనకు తెలుస్తుంది. తెల్లవారగానే అతడు వెళ్లిపోతాడు, కథ అతడి వెంట పోతుంది. ఆ గుడిసె వైపు మళ్లీ ఎవరూ చూడరు. చివరికి పెళ్లి జరుగుతుంది, అర్ధరాజ్యం చేతులు మారుతుంది, ఆ పందిట్లో పెద్దమ్మ కూర్చున్నదో లేదో మాత్రం కథ చెప్పదు.

తెలుగులో మాయలూ మంత్రాలూ ఉన్న కథలన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న పేరు ఆమెదే కావడం ఇంకా బాధ కలిగిస్తుంది. "పేదరాశి పెద్దమ్మ కథలు" అంటాము. పేదరాసి అని కొందరు పలుకుతారు, రాస్తారు. ఎలా రాసినా ఆ పేరు అట్ట మీద ఉంటుంది, లోపల ఆమె కథ ఉండదు. అది సొంత పేరు కూడా కాదు. మొదటి మాటలో ఆమె లేమి వినబడుతుంది. రెండో మాట వచ్చినవాడు ఆమెతో కలుపుకున్న వరస. అమ్మ అక్కనూ పెదనాన్న భార్యనూ పిలిచే ఆ పిలుపుతోనే మా వైపు చాలా ఊళ్లలో గ్రామదేవతనూ పిలుస్తారు. అంత బరువైన పిలుపును ఒక్క రాత్రి బసకు వాడుకుని వదిలేయడం మన కథలకు అలవాటైపోయింది.

మా నాయినమ్మ చెప్పిన కథల్లో అలా ఉండేది కాదు. ఆమె ఆత్మకూరు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, అక్షరం ముక్క రాదు. వానాకాలం రాత్రుళ్లు కందికట్టెల పొయ్యి ముందు కూర్చుని, చేటలో అనుములు ఏరుతూ కథ చెప్పేది. రాజకుమారుడు బయలుదేరడం, అడవి దాటడం రెండు మాటల్లో తేల్చేసేది. పెద్దమ్మ గుడిసె రాగానే ఆమె చేతిలో చేట ఆగేది. "తలుపు సప్పుడైంది. ముసల్ది ముందుగాల దీపం ఆర్పింది" అనేది. ఎందుకు ఆర్పిందని అడిగితే, "రాత్రిపూట తలుపు కొట్టేటోడు మనిషో దయ్యమో ఎర్కనా? దీపముంటే ఇంట్ల మనిషున్నట్టు తెలుస్తది గద" అనేది. ఆ తర్వాత పెద్దమ్మ తలుపు సందులో నుంచి వచ్చినవాడి కాళ్లు చూసేది. దయ్యమైతే పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, దొంగైతే చెప్పులు చేతిలో పట్టుకుని ఉంటాడు. ఈ పిల్లవాడి పాదాల్లో పల్లేరు ముళ్లు దిగి నెత్తురు కారుతున్నది. అప్పుడు గడియ తీసేది. "ఏ ఊరు బిడ్డా నీది? మొఖం గట్ల గుంజుకపోయింది, ఎప్పుడు తిన్నవు?" అని అడిగి, ఉట్టి మీది సల్ల దించి, పొద్దున వండిన జొన్న గటుకలో కలిపి పెట్టేది. ఆ గటుక ఆమె రాత్రికని దాచుకున్నది. "మరి పెద్దమ్మ ఏం తిన్నది?" అని మా తమ్ముడు అడిగితే నాయినమ్మ జవాబు చెప్పకుండా మళ్లీ అనుములు ఏరడం మొదలుపెట్టేది.

ఆ కథనే తర్వాత అచ్చులో చదివాను. "రాజకుమారుడు ఊరి చివర ఒక ముసలమ్మ ఇంట బస చేసి, ఆ నగర విశేషాలు తెలుసుకున్నాడు" అని ఉంది. నా పాఠాల్లోనూ "బస చేసి" అనే చెప్పాను. దీపం ఆర్పడం, కాళ్లు చూడటం, రాత్రి గటుక ఇచ్చేయడం అన్నీ ఆ రెండు మాటల కింద పడిపోయాయి. నాయినమ్మ కథలో తలుపు తీయడం ఒక నిర్ణయం. అచ్చు కథలో అది తలుపుకున్న గుణంలా కనబడుతుంది, దానంతటదే తెరుచుకున్నట్టు. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే. రాక్షసుడి ముందు నిలబడిన రాజకుమారుడి ధైర్యానికి ముందే ఆ కథలో మరొక ధైర్యం ఉంది. దానిని చేసి చూపిన మనిషి పెద్దమ్మ.

రాక్షసుడికి రోజుకొక మనిషిని పంపే ఊరి కథను తీసుకోండి. ఈ కథ చెప్పుకునేటప్పుడు మహాభారతం ఆదిపర్వంలోని బకాసుర వధ గుర్తుకు రాకమానదు. ఇతిహాసాన్నీ జానపద కథనూ ఒక్క గాటన కట్టడం నా ఉద్దేశం కాదు, కథ అల్లికలోని పోలిక కోసమే చెబుతున్నాను. ఏకచక్రపురంలో పాండవులు మారువేషంలో ఒక బ్రాహ్మణుడి ఇంట తలదాచుకుంటారు. బకుడికి ఊరు ఇవ్వవలసింది బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఆ ఇంటి వంతు వచ్చిన రోజున లోపల నుంచి ఏడుపు వినబడుతుంది. కుంతి వెళ్లి చూసేసరికి తాను వెళతానని ఇంటి యజమాని అంటున్నాడు, తానే వెళ్లడం ఎందుకు న్యాయమో భార్య వివరంగా చెబుతున్నది, తనను పంపమని కూతురు వాదిస్తున్నది, మాటలింకా సరిగా రాని పసివాడు ఒక గడ్డిపరక పట్టుకుని దీనితో రాక్షసుణ్ణి చంపేస్తానంటున్నాడు. భీముడు బండి తోలుకుని వెళ్లేది ఆ తర్వాత. ఆశ్రయమిచ్చిన ఇంట్లోని నలుగురికీ అక్కడ గొంతు ఉంది, ఒక్కొక్కరి మాటకు ఒక్కొక్క తర్కం ఉంది, వారి మాటలు పూర్తిగా విన్న తర్వాతే మనం యుద్ధానికి వెళతాము.

జానపద కథలోకి వచ్చేసరికి ఆ నలుగురి స్థానంలో పెద్దమ్మ ఒక్కతే మిగిలింది, ఆమెకూ ఒకే ఒక్క వాక్యం మిగిలింది: "రేపు మా ఇంటి వంతు నాయనా, నాకున్నది ఒక్కడే కొడుకు." మనం ఆ వాక్యాన్ని రాజకుమారుడి సాహసానికి మెట్టుగా చదివి దాటిపోతాము. దయచేసి ఆ రాత్రిని ఒకసారి ఆమె వైపు నుంచి చూడండి. కొడుకు ప్రాణం తెల్లవారితే పోతుంది. అదే ఇంట్లో ఊరెవరికీ తెలియని, వెతుక్కుంటూ వచ్చేవాళ్లెవరూ లేని ఒక పరాయి పిల్లవాడు అలిసిపోయి నిద్రపోతున్నాడు. రాక్షసుడికి మనిషి కావాలి కాని, ఫలానా మనిషే కావాలని లేదు. పొద్దున్నే ఈ పిల్లవాణ్ణి ఏదో ఒక నెపంతో బండెక్కించి పంపితే ఎవరూ అడగరు. ఆమె ఆ పని చేయలేదు. లేపి ఉన్న నిజం చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్లు ఈ కథను పాఠంగా చెప్పిన నాకు ఈ సంగతి తట్టలేదు. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు లేచి, "టీచర్, ఆమె ఆయన్నే పంపొచ్చు గదా, ఎందుకు పంపలేదు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

బాలనాగమ్మ కథలోనూ ఇలాంటి మనిషి ఉన్నది, ఆమెకు కనీసం ఒక పేరున్నది. మాయల ఫకీరు బాలనాగమ్మను ఎత్తుకుపోయి నాగళ్లపూడి గట్టులో బంధిస్తాడు. విడిపించడానికి వచ్చిన ఆమె భర్త కార్యవర్ధిరాజు, అతడి అన్నదమ్ములు, సైన్యం ఫకీరు మంత్రానికి రాళ్లయిపోతారు. ఏళ్లు గడిచాక కొడుకు బాలవర్ధిరాజు వస్తాడు. ఫకీరు కోటకు పూలు అందించే తంబళి పెద్ది ఇంట దిగి, ఆమె మనవడినని చెప్పుకుని తల్లి దగ్గరికి చేరతాడు. బుర్రకథగా విన్నా, ఊళ్లో వేషం కట్టగా చూసినా, మనకు గుర్తుండేది ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచిన ఫకీరు ప్రాణమే. నాకు ఇప్పుడు ఆ రాళ్లు గుర్తుకొస్తున్నాయి. తంబళి పెద్ది పూలబుట్ట పట్టుకుని రోజూ ఆ రాళ్ల పక్క నుంచే పోయి ఉండాలి. ఫకీరుకు ఎదురు పోయినవారి గతి ఏమవుతుందో ఆ రాజ్యంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అంతా తెలిసి, ముక్కూమొగం తెలియని పిల్లవాణ్ణి "నా మనవడు" అని కోట వాకిట్లో చెప్పింది. ఆ ఒక్క అబద్ధం బయటపడితే ఆమె కూడా ఆ రాళ్ల వరుసలో ఒక రాయి అయ్యేది. బాలవర్ధిరాజుకు పోరాడటానికి తల్లి ఉన్నది, వంశం ఉన్నది. పెద్దికి అందులో ఏమున్నది? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక పూర్తి నవల రాయవచ్చు. (ఫకీరు పక్కన ఉండే సంగు అనే ఆడమనిషి గురించి కూడా ఎవరైనా ఇలాగే ఆలోచించాలి, అయితే అది వేరే లేఖ.)

ఈ ముసలమ్మ ఊరి చివరే ఎందుకుంటుందని కూడా ఆ అమ్మాయే అడిగింది. పిల్లలను ఖిలా వరంగల్ తీసుకుపోయిన రోజు అది. నాలుగు తోరణాలూ చూసి, రాతికోట గోడ దాటి, బయటి మట్టికోట కట్ట వైపు నడుస్తుంటే, "ఊరి చివర అంటే ఈ గోడకు లోపలా టీచర్, బయటా?" అన్నది. నేను ఆగిపోయాను. పొద్దుగూకితే కోట తలుపులు మూస్తారు, ఆ తర్వాత వచ్చిన బాటసారికి లోపల చోటు లేదు. అలాంటివాడికి తలుపు తీయగలిగేది గోడకు బయట ఉన్నవారే. పెద్దమ్మ బయటే ఉంటుంది, కాబట్టి రాక్షసుడు వచ్చినా, శత్రువు వచ్చినా మొదట తగిలేది ఆమె గుడిసెకే. రాజుగారి సైనికుల కాపలా ఆమెకు లేదు. ఇంత సంగతి "ఊరి చివర" అన్న మాటలో దాగి ఉన్నదని పదమూడేళ్ల పిల్ల చెబితే తప్ప నాకు తెలియలేదు.

మన ఓరుగల్లుకే సంబంధించిన మరొక పుటను ఇక్కడ ఆమె పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామం అనే పాత వీథి నాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. అందులో పూటకూటి ఇంటి భోజనం గురించి ఒక పద్యం ఉంది. కప్పురభోగి వంటకం, గోధుమపిండి వంటలు, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు, ఇవన్నీ లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరుకుతాయట. ఆ కాలపు తిండి గురించి రాసేవారు ఈ పద్యాన్ని వదలకుండా చెబుతారు, చెప్పదగినదే. ఇంటి యజమాని పేరు, వడ్డించిన పదార్థాలు, పుచ్చుకున్న ధర అన్నీ పద్యంలోకి ఎక్కాయి. ఆ వంట వండిన చేతులు ఎక్కలేదు. పేదరాశి పెద్దమ్మ కథల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా ఉన్నది. వండిన మనిషి ఉన్నది, ఆమె ఏం వండిందో లేదు, ధర అసలే లేదు. డబ్బు పుచ్చుకున్న పూటకూటి ఇంటికి సాహిత్యంలో లెక్క మిగిలింది, పుచ్చుకోని ఇంటికి మిగల్లేదు.

కథల నిర్మాణాన్ని చదువుకున్నవారు నాకొక అభ్యంతరం చెప్పవచ్చు. రష్యన్ పండితుడు వ్లదీమిర్ ప్రాప్ 1928లో అద్భుత కథలను విశ్లేషిస్తూ, ముప్పై ఒక్క కథాక్రియలను, ఏడు రకాల పాత్రలను గుర్తించాడు. అందులో నాయకుణ్ణి పరీక్షించి, అతడికి కావలసిన సాధనాన్ని ఇచ్చే "దాత" ఒకటి. ఆ లెక్కన పెద్దమ్మ దాత, ఆమె పని ఇవ్వడం, ఇచ్చాక ఆమె పని అయిపోయింది, ఇందులో నిర్లక్ష్యమేముంది అని అడగవచ్చు. కథ ఎలా నడుస్తుందో చెప్పడానికి ఆ విశ్లేషణ ఎంతో పనికొస్తుంది, నేనూ తరగతిలో వాడాను. అయితే కథను విప్పి చూపడానికి గీసిన పటాన్ని కథ రాయడానికి కొలతగా పెట్టుకోవడమే చిక్కు. ఇల్లు కట్టే మేస్త్రీకి స్తంభం బరువు మోసేదే, ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు అదే స్తంభం చాటున దాక్కున్న చోటు. పిల్లల కోసం రాసేవారు ఈ రెండో చూపును వదులుకోకూడదు.

పక్కన ఉండిపోయిన ఆడమనిషిని మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు, ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోవలసిన పనీ కాదు. లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోతే ఊర్మిళ ఏమైందన్న ప్రశ్నకు వాల్మీకి రామాయణంలో చోటు దాదాపు లేదు. మన ఆడవాళ్లు ఊరుకోలేదు. "ఊర్మిళాదేవి నిద్ర" అని ఒక పాట కట్టుకుని, ఆ పద్నాలుగేళ్లూ ఆమెను నిద్రపుచ్చి, లక్ష్మణుడు తిరిగి వచ్చిన నాడు ఆమె అతణ్ణి పోల్చుకోలేక పరపురుషుడనుకుని మందలించేటట్టు పాడుకున్నారు. తిరగలి ముందో, ఉయ్యాల పక్కనో పాడుకున్న ఆ స్త్రీలు ఊర్మిళ చేతికి విల్లు ఇవ్వలేదు, లంకకు పంపలేదు. ఆమె ఉన్న గదిలోకే వెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని, ఆమె ఏం పడిందో అడిగారు. నేను పెద్దమ్మ కోసం అడుగుతున్నదీ అదే.

ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఈ మధ్య కొందరు రచయితలు ఇలాంటి పాత్రలకు న్యాయం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే పెద్దమ్మను మారువేషంలో ఉన్న మహారాణిగానో, శాపం తగిలిన దేవకన్యగానో, చివర్లో ముసుగు తీసి కత్తి దూసే వీరనారిగానో మారుస్తున్నారు. అలా మార్చినప్పుడు ఆమెను అర్థం చేసుకోలేదు సరికదా, ఉన్న మనిషిని తీసేసి ఆ చోట మరొకరిని నిలబెట్టాము. ఆమెకు మాయ లేదు, మంత్రం లేదు, పలుకుబడి లేదు. ఉన్నది ఒక పొయ్యి, ఒక గడియ, రాత్రికి దాచుకున్న గటుక. వాటితోనే ఆమె ఆ పని చేసిందన్నది పిల్లలకు తెలియాలి, ఎందుకంటే మన పిల్లల ఇళ్లలో ఉన్నవి కూడా అవే.

రాసేవారికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటున్నది. ఏ ఫాంటసీ కథలోనైనా ఆ లోకపు నియమాలు పాఠకుడికి ఎవరో చెప్పాలి. రాక్షసుడు ఏ జాములో వస్తాడు, రాజకుమారి ఎందుకు మాట్లాడదు, ఏ ద్వారం దగ్గర కాపలా లేదు, ఇవన్నీ మన కథల్లో చెప్పేది పెద్దమ్మే. ఆమెకు ఇవన్నీ ఎలా తెలుసని మనం ఎన్నడూ అడగము. ఆమె అంతఃపురానికి పూలు ఇస్తుంది కనుక తెలుసు, లేదా పాలు పోస్తుంది కనుక, పిడకలు అమ్ముతుంది కనుక, లేదా రాణిగారి దాసికి పురుడు పోసింది కనుక తెలుసు. ఆ తెలివి ఆమె కాయకష్టంలో నుంచి వచ్చింది. ఏ పని చేస్తుందో నిర్ణయించుకుంటే ఆమెకు ఏం తెలుసో, ఏం తెలియదో, ఏ విషయంలో పొరబడుతుందో వాటంతటవే తేలతాయి. పూలమ్మే పెద్దమ్మకు వెనుక వాకిలి తెలుస్తుంది, ఖజానా తెలియదు. కొడుకును పోగొట్టుకున్న పెద్దమ్మ రాక్షసుడి గురించి చెప్పేటప్పుడు ఒక చోట గొంతు పట్టుకుని ఆగిపోతుంది, ఆ ఆగిన చోట దాగిన నిజం తర్వాత రాజకుమారుడికి అవసరం కావచ్చు. ఆమెకు దాచుకునే హక్కు ఇవ్వండి, భయపడే హక్కు ఇవ్వండి, "చోటు లేదు పో బిడ్డా" అనే హక్కు కూడా ఇవ్వండి. కాదనగలిగిన మనిషి అవునన్నప్పుడే ఆ అవునుకు విలువ.

బొమ్మలు వేసే చిత్రకారులతోనూ ఒక మాట చెప్పాలి, ఇది చిన్న విషయం కాదు. పెద్దమ్మను గీసినప్పుడల్లా వంగిన నడుము, చేతికర్ర, విరబోసుకున్న తెల్ల జుట్టు, కొక్కెం లాంటి ముక్కు పెడుతున్నారు. నాలుగు పేజీలు తిప్పితే మంత్రగత్తె వస్తుంది, ఆమెకూ ఇవే పెడుతున్నారు. మూడో తరగతి పిల్లవాడొకడు పుస్తకం నా ముందు పెట్టి, ఇద్దరి బొమ్మల మీదా వేలు పెట్టి, "ఇద్దరూ ఒక్కరేనా టీచర్?" అని అడిగాడు. ఒంటరిగా బతుకుతున్న వృద్ధ స్త్రీలను చేతబడి, బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో హింసించిన వార్తలు మన తెలంగాణ పల్లెల నుంచి ఇప్పటికీ వింటున్నాము. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ అనగానే పిల్లవాడి మనసులో మొదట ఏ బొమ్మ మెదలాలన్నది మీ కుంచె చేతిలో ఉన్నది. ఆమె జుట్టు ముడి వేసి ఉండవచ్చు. పొగకు కళ్లు ఎర్రబడి ఉండవచ్చు. చేతికి గటుక అంటుకుని ఉండవచ్చు.

ఇక ఆ పదకొండు పేజీల కథ సంగతి. అందులో నాయకుడు లేడన్నారు. ఉన్నాడు, ఏడోవాడు. కథ మొదలయ్యేసరికి ఆరుగురు రాజకుమారులు పెద్దమ్మ ఇంట గటుక తాగి, ఆమె చెప్పిన దారినే కోటలోకి పోయి, తిరిగి రాలేదు. చప్పుడు కాకుండా నడవాలని ఒక్కొక్కరూ చెప్పులు ఆమె గడప దగ్గరే విడిచిపోయారు. ఆ ఆరు జతలనూ ఆమె తుడిచి, చూరు కింద దండెం మీద వరసగా పెట్టుకున్నది. ఏడోవాడు వచ్చి తలుపు తడితే, ఆమె గడియ తీయకుండానే చోటు లేదు పొమ్మంటుంది. ఆమె గయ్యాళిది కనుక అలా అన్నదని అతడు అనుకుంటాడు, పాఠకులమూ అనుకుంటాము. వాన పడుతుంది. అతడు అరుగు మీద ముడుచుకుని పడుకుంటాడు. ఆమె లోపల నిద్రపోదు. తాను తలుపు తీసి అన్నం పెట్టి దారి చెప్పినందుకే ఆ ఆరుగురూ పోయారన్న బాధ ఆమెది. తీయకపోతే ఈ పిల్లవాడు బతుకుతాడు, రాక్షసుడూ బతుకుతాడు, ఊరికి వంతులూ తప్పవు. మూడు పేజీలు ఆ అమ్మాయి ఆ రాత్రి గురించే రాసింది. అవే తగ్గించమన్న మూడు పేజీలు. నాలుగో జామున పెద్దమ్మ తలుపు తీస్తుంది. ఈసారి దారి మాత్రమే చెప్పదు, ఆరుగురూ ఎక్కడెక్కడ పొరబడ్డారని తాను ఇన్నాళ్లూ ఊహించుకున్నదో ఒక్కొక్క జతా చూపిస్తూ చెబుతుంది.

రాక్షసుడితో పోరు ఆ కథలో అర పేజీయే. ఆ తర్వాత ఏడోవాడు చెప్పుల కోసం తిరిగి వస్తాడు.

కథను మేము కుదించలేదు. అక్షర దోషాలు నాలుగు సరిదిద్ది, మిగిలినదంతా ఆ అమ్మాయి రాసినట్టే ఉంచి, ప్రతిని ఈ లేఖతో జతపరుస్తున్నాను. సంకలనంలో పేజీలు చాలవనుకుంటే మా బడి నుంచి తీసుకున్న మిగతా మూడు కథల్లో ఒకదానిని వచ్చే సంపుటికి వాయిదా వేసుకోవడానికి ఆ పిల్లలే ఒప్పుకున్నారు, వారు రాసిచ్చిన కాగితం కూడా ఇందులో ఉన్నది. బొమ్మ వేయించేటట్లయితే, తొమ్మిదో పేజీలోని దండెం బొమ్మనే వేయించమని ఆ అమ్మాయి కోరింది. చెప్పులు ఆరు జతలే ఉండాలని, అన్నీ ఒకే కొలతవి కాకూడదని, చివరి జత చాలా చిన్నదిగా ఉండాలని చెప్పమన్నది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
హనుమకొండ